కమొడోర్ గారి ఎస్‌ఎస్‌బీ కోచింగ్: ఫీజు గిట్టుబాటేనా?

విశాఖలో ఒక రిటైర్డ్ నేవీ కమొడోర్ గారు తన ఇంటి పై అంతస్తులో నడిపే ఎస్‌ఎస్‌బీ కోచింగ్ గురించి ఈ రివ్యూ. ఎస్‌ఎస్‌బీ అంటే సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు, సైన్యంలో ఆఫీసర్లని ఎంపిక చేసే ఇంటర్వ్యూ. మా అమ్మాయి ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) రాత పరీక్ష గట్టెక్కాక ఇంటర్వ్యూ కోసం అక్కడ మూడు వారాల బ్యాచ్‌లో చేరింది. ఫీజు 24 వేలు, హాస్టలూ తిండీ వేరే. సెంటర్ పేరు రాయను. సార్‌కి తన పేరు నెట్‌లో కనబడటం ఇష్టం లేదు, పైగా నేను చెప్పబోయేవాటిలో నాలుగు తిట్లు కూడా ఉన్నాయి. డిఫెన్స్ పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లలో "సబ్‌మెరైన్ సార్" అని అడిగితే ఎవరో ఒకరు దారి చెప్తారు.

నేను విజయనగరంలో ఆర్టీసీ కండక్టర్‌ని. నేవీ అంటే నాకు తెలిసిందల్లా డిసెంబర్ 4న నేవీ డేకి బీచ్ రోడ్డులో చూపించిన విన్యాసాలు, ఆ సాయంత్రం బస్సుల్లో తొక్కిసలాట. లోపలి మనిషి రాసిన రివ్యూ కావాలంటే ఇక్కడ దొరకదు. డబ్బు కట్టి, వెనక బెంచీలో కూర్చుని విన్న తండ్రి రాసింది ఇది.

మొదట నచ్చిన సంగతి. ఫీజు తీసుకోకముందే పిల్ల కళ్లు చూపించుకు రమ్మన్నారు. చూపు ఒక్కటే కాదు, రంగులు కూడా. ఎందుకని అడిగాను. రాత్రి సముద్రంలో ఎదుటి ఓడ కనబడదట, దాని దీపాలు కనబడతాయి. ప్రతి ఓడకీ ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం ఉంటాయి. ఎర్రది ఒక్కటే కనబడితే ఆ ఓడ ఎడమ పక్క మనవైపు ఉన్నట్టు. రెండూ ఒకేసారి కనబడితే అది ముక్కుసూటిగా మన మీదికే వస్తున్నట్టు. ఆ రెండు రంగులు తేడా తెలియని వాడి చేతిలో రాత్రిపూట ఓడ పెట్టరు. మా బ్యాచ్‌లో చేరడానికి వచ్చిన ఒక అబ్బాయికి ఆ లోపం ఉందని తేలితే, పైసా తీసుకోకుండా, వేరే ఏ ఉద్యోగాలకు వెళ్లొచ్చో కాగితం మీద రాసిచ్చి పంపారు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, అంతకుముందు మేం ఇంకో పెద్ద కోచింగ్‌కి వెళ్లాం. పేరు అనవసరం. ఏసీ రిసెప్షన్, గోడ నిండా సెలెక్టయిన పిల్లల ఫొటోలు. కళ్ల మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. ఫీజు కట్టాక ఒక స్పైరల్ బుక్ చేతిలో పెట్టారు. అందులో పరీక్షలో కథ రాయమని చూపించే అన్ని రకాల బొమ్మలకీ ముందే వండిన కథలు. ప్రతి కథలోనూ ఒక యువకుడు. వాడు రక్తదాన శిబిరమైనా పెడతాడు, చెరువులో మునిగిపోతున్న పిల్లాణ్ణయినా కాపాడతాడు. మూడో మార్గం లేదు.

తెలియనివాళ్ల కోసం: ఎస్‌ఎస్‌బీ ఐదు రోజుల వ్యవహారం. మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే చాలామంది ఇంటిదారి పడతారు. మిగిలినవాళ్లకి మర్నాడు సైకాలజీ పరీక్షలు. ఒక బొమ్మ 30 సెకన్లు చూపించి 4 నిమిషాల్లో కథ రాయమంటారు, అలా 12 కథలు, చివరిదానికి బొమ్మే ఉండదు, ఖాళీ తెర. తర్వాత 60 మాటలు, ఒక్కోదానికి 15 సెకన్లు, మనసులో ఏది తడితే అది రాయాలి. ఆపైన అరగంటలో 60 సందర్భాలు, ఒక్కోదాంట్లో నువ్వేం చేస్తావో రాయాలి. ఆ తర్వాత రెండు రోజులు గ్రౌండ్‌లో పలకలు, తాళ్లు, పీపాలతో గ్రూప్ పనులు, మధ్యలో ఇంటర్వ్యూ, చివరి రోజు కాన్ఫరెన్స్, అంటే బోర్డు వాళ్లంతా కూర్చుని ఎవరిని తీసుకోవాలో తేల్చడం.

సార్ దగ్గర రెడీమేడ్ కథలు లేవు. మా అమ్మాయి అలవాటుకొద్దీ మొదటి రోజు రక్తదాన శిబిరమే రాసింది. ఆయన చదివి, "ఈ అబ్బాయి పొద్దున్నే ఏం తిన్నాడమ్మా?" అని అడిగారట. ఇది బిత్తరపోయింది. "వాళ్ల నాన్న ఏం చేస్తాడు? శిబిరానికి డాక్టర్‌ని ఎవరు ఒప్పించారు? షామియానా డబ్బులు ఎవరిచ్చారు?" ఒక్కదానికీ జవాబు లేదు. "నీకే తెలియని మనిషి గురించి నువ్వు రాస్తే, చదివేవాడికి నువ్వెలా తెలుస్తావ్?" అన్నారట. ఆ రాత్రి హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "నాన్నా, మన డిపోలో సమ్మె జరిగినప్పుడు నువ్వేం చేశావో మళ్లీ చెప్పు" అని గంటసేపు అడిగింది. నాకు కోచింగ్ మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

అయితే సైకాలజీకి కోచింగ్ అవసరమా అంటే, అంత అవసరం లేదని సార్ కూడా ఒప్పుకుంటారు. ఇలాంటి క్లాసులు విశాఖలో, హైదరాబాద్‌లో కావాల్సినన్ని ఉన్నాయి. ఈ సెంటర్‌కి వెళ్తే శనివారం సాయంత్రం క్లాసు కోసం వెళ్లాలి.

ఆ క్లాసుకి తల్లిదండ్రుల్ని కూడా కూర్చోనిస్తారు. ఒక నేవీ ఆఫీసర్ బతుకు ఎలా మొదలై ఎక్కడిదాకా పోతుందో చెప్తారు. టైమ్‌టేబుల్‌లో కెరీర్ క్లాస్ అని ఉంటుంది గానీ సగం ఆయన సొంత సర్వీసే.

బోర్డు మీద అడుగున పొడుగ్గా గీత గీసి సబ్ లెఫ్టినెంట్ అని రాశారు. దానిపైన లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్. కమిషన్ వచ్చిన 2 ఏళ్లకి మొదటి మెట్టు, 6 ఏళ్లకి రెండోది, 13 ఏళ్లకి కమాండర్. పరీక్షలు పాసవుతూ, రికార్డులో మచ్చ లేకుండా ఉంటే ఇక్కడిదాకా కాలమే లాక్కొస్తుంది. కమాండర్ పైన ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టారు. "ఇక్కణ్ణుంచి బోర్డు" అన్నారు. కెప్టెన్ కావాలంటే సెలెక్షన్ బోర్డు పేరు తియ్యాలి. ఏటా పైవాళ్లు రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు చూస్తారు, సముద్రం మీద ఎంతకాలం ఉన్నాడో చూస్తారు, ఓడకి కమాండ్ చేశాడా లేదా చూస్తారు. పేరు రానివాళ్లు కమాండర్‌గానే కొనసాగి, 26 ఏళ్ల సర్వీసు నిండాక టైమ్ స్కేల్‌లో కెప్టెన్ అవుతారు. ఎర్రగీత దాటినవాళ్లకి మాత్రం కమొడోర్, రియర్ అడ్మిరల్, వైస్ అడ్మిరల్, ఒక్కో మెట్టుకి మళ్లీ బోర్డు. నేవీ కమాండ్లు మూడు: ముంబైలో పశ్చిమం, విశాఖలో తూర్పు, కొచ్చిలో దక్షిణం. ఒక్కోదానికి ఒక వైస్ అడ్మిరల్ అధిపతి. వాళ్లందరి మీదా చీఫ్ ఒక్కరు. రియర్ అడ్మిరల్ 58 ఏళ్లకి, వైస్ అడ్మిరల్ 60కి ఇంటికి రావాల్సిందే. చీఫ్‌కి 62 లేదా మూడేళ్లు, ఏది ముందొస్తే అది.

ఇంకో సంగతి చెప్పారు, ఇది జేఈఈ ర్యాంకుతో బీటెక్ ఎంట్రీలో వెళ్లే పిల్లల తల్లిదండ్రులు తప్పక వినాలి. ఓడకి కమాండ్ చేసేదీ, చీఫ్ దాకా వెళ్లగలిగేదీ ఎగ్జిక్యూటివ్ బ్రాంచి వాళ్లే. ఇంజినీరింగ్, ఎలక్ట్రికల్ బ్రాంచిల్లో పెద్ద పదవులున్నాయి, అడ్మిరల్ హోదాలూ ఉన్నాయి, కానీ యుద్ధనౌక కెప్టెన్ (పైన చెప్పిన హోదా కాదు, ఓడకి కమాండ్ చేసే మనిషి) కుర్చీ ఉండదు. పక్క బెంచీలో ఒకాయన "మావాడు ఇంజినీరింగ్ చేసి షిప్ కెప్టెన్ అవుతాడు కదా సార్" అని అడిగారు. సార్ ఏమాత్రం మెత్తబరచకుండా "అవడండీ" అన్నారు. ఆయన మొహం చూడలేకపోయాను.

జీతం గురించి రెండు ముక్కల్లో తేల్చేశారు. మొదట్లో బేసిక్ 56,100 రూపాయలు, దానిమీద మిలిటరీ సర్వీస్ పే 15,500, తక్కిన అలవెన్సులు. చీఫ్ అయితే రెండున్నర లక్షలు. "వీటి మధ్య తేడాకి పట్టే కాలం 40 ఏళ్లు. డబ్బు కోసమే అయితే సాఫ్ట్‌వేర్ మంచిది" అని ముందుకెళ్లిపోయారు.

ఆయన నిజంగా నిదానించింది వాచ్ దగ్గర, అంటే ఓడని కనిపెట్టుకుని ఉండే డ్యూటీ. కుర్ర ఆఫీసర్‌కి ఓడ మీద మొదట సాధించాల్సింది వాచ్ కీపింగ్ సర్టిఫికెట్. అది చేతికొచ్చేదాకా ఒంటరిగా బ్రిడ్జి మీద, అంటే ఓడని నడిపే చోట, నిలబెట్టరు. వాచ్ నాలుగేసి గంటలు. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఉండేదాన్ని మిడిల్ వాచ్ అంటారట. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న వాచ్‌ని రెండుగా చీల్చి రెండేసి గంటలు చేస్తారు. లేకపోతే ఒకే మనిషికి రోజూ అదే మిడిల్ వాచ్ పడుతుంది. మా డ్యూటీ చార్టులు వేసేవాళ్లకి ఈ ఉపాయం ఎవరైనా చెప్తే బాగుండు.

మిడిల్ వాచ్‌లో ఆఫీసర్ చేతిలో ఓడా, దానిమీద నిద్రపోతున్న వందల మందీ ఉంటారు. వయసు పాతిక కూడా ఉండదు. అనుమానం వస్తే కెప్టెన్‌ని లేపాలి. లేపితే ఏమంటారోనని భయం. "నిన్ను తిడతాడేమోనని కెప్టెన్‌ని లేపలేదనుకో, నువ్వు ఆఫీసర్‌వి కాదు. ప్రతి పదినిమిషాలకీ లేపావనుకో, అప్పుడూ కాదు" అన్నారు. ఇంటర్వ్యూలో చెప్పే లీడర్‌షిప్ నిర్వచనాల కన్నా మా అమ్మాయికి ఈ ఒక్క మాట ఎక్కువ పనికొచ్చింది.

ఒక మధ్యాహ్నం బ్యాచ్ మొత్తాన్ని ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా మ్యూజియానికి తీసుకెళ్లారు. మేమూ వెళ్లాం. విశాఖ చుట్టుపక్కల వాళ్లం దాన్ని బయటినుంచి వందసార్లు చూసుంటాం, చుట్టాలొస్తే లోపలికి కూడా వెళ్లుంటాం. కానీ అలాంటి సబ్‌మెరైన్‌లో పనిచేసిన మనిషితో వెళ్లడం వేరు. ఆయన లోపలికి దిగేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టాలో చూడరు, చెయ్యే వెళ్తుంది. గుండ్రటి తలుపులు దాటేటప్పుడు మేమందరం ఏదో ఒకటి తలకి కొట్టించుకున్నాం, డెబ్భైకి దగ్గరపడ్డ ఆయన మాత్రం సాఫీగా జారిపోయారు.

సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్ 18న మన నేవీలో చేరింది కుర్సురా. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ కాసింది. తర్వాత కొన్నేళ్లు మూలకూర్చుంది. దాని విడిభాగాలు ఊడదీసి తోటి సబ్‌మెరైన్లకి వాడుకున్నారు. 1980ల మొదట్లో మళ్లీ బాగుచేసి సముద్రంలోకి దింపారు. 2001 ఫిబ్రవరిలో రిటైరయ్యేసరికి 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. 2002 ఆగస్టు నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవు. అందులో 75 మంది, వాళ్లలో ఆఫీసర్లు ఎనిమిదే.

సార్ అక్కడ టార్పెడోలు పెద్దగా చూపించలేదు. వాటిని గైడ్‌కి వదిలేశారు. ఆయన చూపించింది పడకలు. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు అదే పరుపు మీద వాలేవాడట, ఇంకా వెచ్చగా ఉండగానే. మంచినీళ్లు తాగడానికీ వంటకీ. స్నానం మాట మర్చిపోవాలి. ఒంటికీ బట్టలకీ డీజిల్ వాసన, ఇంటికొచ్చాక కూడా పోయేది కాదు. తర్వాత కెప్టెన్ క్యాబిన్ దగ్గర ఆపారు. మా బస్సులో లగేజీ డిక్కీ దానికన్నా కాస్త చిన్నది, అంతే. "మొత్తం బోట్‌లో తలుపు వేసుకునే హక్కు ఉన్నది ఈ ఒక్కడికే. ఆ తలుపు వేసుకోలేనిదీ వీడే" అన్నారు. పైన ఎవరూ లేరు, అడగడానికి దిక్కు లేదు. నీళ్లలోకి దిగాక రేడియోలో పై అధికారిని సలహా అడగడం కుదరదు. తప్పయినా ఒప్పయినా నిర్ణయం అక్కడే పుడుతుంది.

ఆ క్యాబిన్ ముందు నిలబడే అడ్మిరల్ విజయ్ సింగ్ షెకావత్ సంగతి చెప్పారు. కుర్సురాకి తోబుట్టువు లాంటి కరంజ్ అనే సబ్‌మెరైన్‌కి ఆయన 1971లో కెప్టెన్. ఆ యుద్ధంలో వీర చక్ర వచ్చింది. 1993లో నేవీ చీఫ్ అయ్యారు. "ఇంతే గదిలోంచి" అని చేత్తో గోడ తట్టారు సార్. పిల్లలు సెల్ఫీలు ఆపి ఆ గది వైపు చూశారు.

ఘాజీ గురించి అడగని పిల్లలుండరు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ పీఎన్ఎస్ ఘాజీ 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. దాన్ని సినిమా కథలా చెప్పడం మాకందరికీ వచ్చు. సార్ అలా చెప్పలేదు. అప్పట్లో తూర్పు నేవీ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఘాజీ వెతుకుతున్నది విమానవాహక నౌక విక్రాంత్ కోసం. కృష్ణన్ దాన్ని ముందే అండమాన్ వైపు పంపేసి, పాతబడిన రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్ చేత విక్రాంత్ పంపుతున్నట్టు సిగ్నల్స్ పంపించారు. విశాఖ బజార్లో పెద్ద నౌకకి సరిపడా సరుకులు ఆర్డర్ చేయించారు. వార్త పొక్కుతుందని తెలిసే చేయించారు. ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద రెండు వాదనలున్నాయని కూడా సార్ చెప్పారు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ల లోపల పేలే బాంబుల) వల్లనని ఒకటి, ఘాజీలోనే ఉన్న మైన్లు పేలాయని ఇంకొకటి. "ఏది నిజమైనా అడ్మిరల్ పని సరిగ్గానే జరిగింది. ఆయన కాపాడాలనుకున్నది విక్రాంత్‌ని" అన్నారు. తుపాకీ కాల్చకుండా, కూరగాయల బేరంతో యుద్ధం చేసే మనిషిని ఆఫీసర్ అంటారని నాకు అప్పుడు తోచింది. అదే కృష్ణన్ 1941లో కుర్ర ఆఫీసర్‌గా పర్షియన్ గల్ఫ్‌లో చూపిన తెగువకి డీఎస్సీ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్) పతకం తెచ్చుకున్నవారట. ముందు ఒళ్లు, ముప్పై ఏళ్ల తర్వాత బుర్ర.

ఇలాంటివి ఆయన దగ్గర బోలెడు. నేను ఆర్టీసీ అని తెలియగానే మొహం విప్పారింది. "మీ కార్పొరేషన్‌కి మా చీఫ్ చైర్మన్‌గా పనిచేశారు తెలుసాండీ?" అన్నారు. నేను జోక్ అనుకున్నాను. వైస్ అడ్మిరల్ రామ్ దాస్ కటారి. 1958 ఏప్రిల్‌లో నేవీ పగ్గాలు అందుకున్న మొదటి భారతీయుడు. అంతకుముందు ఆ కుర్చీలో అందరూ బ్రిటిష్ వాళ్లే. గోవా విముక్తి, మొదటి విక్రాంత్ నేవీలో చేరడం, రెండూ 1961లో ఆయన హయాంలోనే. రిటైరయ్యాక ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి చైర్మన్, తర్వాత బర్మాలో మన రాయబారి. ఈ సంగతి డిపోలో చెప్తే మా యూనియన్ లీడర్ కూడా నమ్మలేదు.

ఇక సార్ సొంత కథ. ఎన్‌డీఏ, తర్వాత సబ్‌మెరైన్ స్కూల్ మన విశాఖలోని ఐఎన్ఎస్ శాతవాహన, ఛాతీ మీద సబ్‌మెరైన్ వాళ్లు పెట్టుకునే డాల్ఫిన్ బ్యాడ్జి, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ, సబ్‌మెరైన్ కమాండ్, ఢిల్లీలో ఫైళ్లు, కమొడోర్. అక్కడ ఆగిపోయింది. రియర్ అడ్మిరల్ బోర్డులో పేరు రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. దీన్ని ఆయన బోర్డు మీద గీసిన నిచ్చెనలో వేలుపెట్టి చూపించారు, "నేనిక్కడ" అని. ఒక పేరెంట్ మొహమాటం లేకుండా ఎందుకని అడిగేశారు. కాకినాడలో నాన్నగారు మంచాన పడ్డ కాలంలో సముద్రం మీది పోస్టింగ్ వద్దని ఒడ్డు పోస్టింగ్ అడిగి తీసుకున్నారట. అదే కారణమా అంటే, "కారణం ఎవరూ చెప్పరండీ. నా లెక్క నాది" అన్నారు. ఎన్‌డీఏలో తనతో ఒకే స్క్వాడ్రన్‌లో ఉన్న స్నేహితుడు తర్వాత తనకి పై అధికారిగా వచ్చాడు. "పొద్దున ఆఫీసులో గుడ్ మార్నింగ్ సర్ అని సెల్యూట్ కొట్టాను. రాత్రి వాడే మా ఇంట్లో పప్పుచారు అడిగి వడ్డించుకున్నాడు." ఇందులో ఏడుపు లేదు, గొప్ప కూడా లేదు. 24 వేలలో నేను ఎక్కువ విలువ కట్టేది ఈ అరగంటకే.

మేడమ్ గారు కాసేపు కూర్చుంటారు, అదీ చివర్లో. ఆవిడకి ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలి. సబ్‌మెరైన్ వెళ్లాక ఫోన్ ఉండదు, ఉత్తరం ఉండదు, ఎప్పుడొస్తారో చెప్పరు, చెప్పకూడదు. అబ్బాయి పదో తరగతి పరీక్షల ముందు ట్రాన్స్‌ఫర్ వస్తే, పిల్లాడితో ఆవిడ విశాఖలో, సార్ ముంబైలో. రెండో కాన్పుకి ఆస్పత్రికి తీసుకెళ్లింది పక్క క్వార్టర్ ఆవిడ. మా ఆవిడ ఆ సాయంత్రం ఇంటికొస్తూ దారి పొడవునా మాట్లాడలేదు. విజయనగరం వచ్చాక "మన పిల్లకి వచ్చే మొగుడు ఇవన్నీ చేస్తాడంటావా?" అంది. కోచింగ్ సెంటర్ బ్రోచర్‌లో లేని ప్రశ్న.

బ్రోచర్ మాట వచ్చింది కాబట్టి తిట్లు మొదలెడతాను. సార్ బోర్డు మీద గీసేది ఒకటి, ఆఫీసు చూసుకునే కుర్రాడు వాట్సాప్‌లో పంపే పోస్టర్ ఇంకొకటి. "మీ బిడ్డ కాబోయే అడ్మిరల్!" అని బంగారు రంగు అక్షరాలు, పక్కన ఎవరివో తెల్ల యూనిఫాం ఫొటోలు. కమాండర్ దగ్గరే ఎర్రగీత ఉంటుందని చెప్పే మనిషి సెంటర్‌కి ఇదేం పోస్టర్? సార్‌తో అంటే "నేను వాట్సాప్ చూడనండీ" అన్నారు. చూడాలి సార్.

క్లాసులు ముప్పాతిక ఇంగ్లీషులో. తెలుగు మీడియం పిల్లలు రెండో వారానికి గానీ నోరు విప్పలేదు. ఇంటర్వ్యూ ఎక్కువగా ఇంగ్లీషులోనే కాబట్టి అలవాటవ్వాలని సార్ వాదన, నిజమే, కానీ మొదటి రెండు మూడు రోజులైనా తెలుగులో నడిపితే ఆ పిల్లలు బెదరరు. గ్రౌండ్ ప్రాక్టీసుకి వాడే స్థలం ఒక కల్యాణ మండపం వెనక ఖాళీ జాగా. పెళ్లి ఉంటే ప్రాక్టీసు లేదు. ముహూర్తాల రోజుల్లో చేరితే తాళ్లెక్కడం నేర్చుకోకుండానే తిరిగొస్తారు. హాస్టల్ తిండి గురించి రాయడానికేం లేదు, తిండిలాగే ఉంది. మధ్యలో మానేస్తే డబ్బు వాపసు ఇవ్వరు, ఆ సంగతి రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. ఎన్‌డీఏలోకి అమ్మాయిల్ని తీసుకోవడం మొదలైంది 2022లో. ఆ మొదటి బ్యాచ్‌లో 17 మంది 2025 మే నెలలో బయటికొచ్చారు. సార్ సర్వీసులో ఉన్న కాలంలో ఆయన బోట్‌లో ఆడ ఆఫీసర్లు లేరు. "ఓడ మీద అమ్మాయిల అనుభవం ఎలా ఉంటుందో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను" అని ముందే చెప్పేశారు. నిజాయితీ బాగుంది గానీ, తెలిసినవాళ్లని వారానికొకసారైనా పిలిపించాలి కదా. ఆయన ఇచ్చిన ఉదాహరణ మాత్రం మా అమ్మాయి ఇంకా వదల్లేదు. 2017లో గోవా నుంచి తారిణి అనే చిన్న తెరచాప పడవలో ఆరుగురు నేవీ ఆడ ఆఫీసర్లు బయల్దేరి ప్రపంచం చుట్టి 2018 మే నెలలో తిరిగొచ్చారు. వాళ్లలో లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతిది విశాఖ, బి. ఐశ్వర్యది హైదరాబాద్. 2023లో ప్రేరణ దేవస్థలీ ట్రింకట్ అనే యుద్ధనౌకకి కమాండింగ్ ఆఫీసర్‌గా ఎంపికయ్యారు, మన నేవీలో ఆ పని దక్కిన మొదటి మహిళ. ఇవి మా ఇంట్లో గోడమీద కాగితాలుగా ఉన్నాయిప్పుడు.

రిజల్ట్ ఏమిటని అందరూ అడుగుతారు. మా అమ్మాయి స్క్రీనింగ్ దాటి ఐదు రోజులూ ఉంది, కాన్ఫరెన్స్ తర్వాత చదివిన నంబర్లలో దాని నంబర్ లేదు. వయసు ఉంది, మళ్లీ రాస్తుంది. దీన్నిబట్టి సెంటర్‌కి ఒక స్టార్ ఎక్కువా ఇవ్వను, తక్కువా ఇవ్వను. ఐదుకి మూడున్నర. శనివారం క్లాసుకైతే ఐదు, వాట్సాప్ పోస్టర్‌కి సున్నా.

రాత పరీక్ష లెక్కలు ఇక్కడ చెప్పరు, అది పాసయ్యాకే వెళ్లండి. ఇంగ్లీషు, ధైర్యం బాగా ఉన్న పిల్లలకి మూడు వారాలు అక్కర్లేదు, వారం బ్యాచ్ కూడా ఉంది, ఫీజు సగం లోపు. చేరేముందు పెళ్లిళ్ల సీజన్ చూసుకోండి. శనివారం క్లాసులో ఒకసారి కూర్చుని తర్వాత ఫీజు కడతామంటే ఆఫీసు కుర్రాడు కుదరదంటాడు. మేడ మెట్లెక్కి సార్‌నే అడగండి, కుర్చీ వేయిస్తారు.